అరకిలో

బోరబండ సైట్ త్రీల, సిలిండర్ల గోడౌను వెనక
ఒక్క గది, రెండు కిటికీలు, దూలానికి కొక్కెం.
కొక్కేనికి గడియారం లాంటి త్రాసు.
నెల మొదటి మంగళవారం
పిల్లల్ని ఒక్కొక్కర్ని అందుల వేలాడదీస్త.
కొందరు ఏడుస్తరు.
కొందరు ఉయ్యాలనుకొని ఇంకొంచెం ఊపమంటరు.
ముల్లు ఆగేదాక ఊపిరి బిగబట్టేది తల్లులే.

మోక్షితకు ఇరవై రెండు నెలలు.
పోయిన నెల ఏడు కిలోల ఏడువందలు.
ఈ నెల ఎనిమిది కిలోల రెండువందలు.
కుర్మమ్మ మొఖం తిప్పుకొని
గోడమీద అక్షరాల పటం చూస్తున్నది,
ఋషి గడ్డం కాడ ఆగిపోయి.

నేను సంతోషపడ్డ. ఒక నిమిషం.
ఫోన్ల అంకె కొడితే ఎరుపు పోయి పసుపు వచ్చింది.
జహీరాబీ చప్పట్లు కొట్టింది,
గుడ్డు పెంకులు వేళ్లకు అంటుకొనే ఉన్నయి.

తర్వాత జబ్బకు పట్టీ చుట్టిన.
పట్టీకి మొహమాటం తెల్వదు.
పదకొండు దాటి రెండు గీతలు. అదే ఎరుపు.
ఒంటికెక్కిన బరువు జబ్బకు ఎందుకు ఎక్కలే?

స్వెట్టరు విప్పబోతే కుర్మమ్మ చెయ్యి అడ్డమొచ్చింది.
"సలి మేడం."
మార్చి నెల. రేకుల కప్పు.
నా రవికె వీపుకు అతుక్కొని ఉన్నది.

లోపల కొత్తగ కుట్టిన జేబు.
దగ్గర దగ్గర కుట్లు, పెండ్లి బట్టలకు పెట్టినంత ఓపిక.
జేబుల పాత చీరెముక్క.
చీరెముక్కల కంకర రాయి.
పిల్లకు గుచ్చుకోకుండ ఇంకో రెండు మడతలు.

"ఎరుపొస్తె నిలోఫర్‌కు రాస్తరు గదా మేడం.
పద్నాలుగు దినాలు ఆడనే పండాలంటిరి.
అడ్డా మీద పద్నాలుగు దినాలు కనవడకుంటె
మేస్త్రి నా పేరే మర్సిపోతడు.
పెద్దోనికి ఐదేండ్లు. వాని బువ్వెవరు సూడాలె?"

కూరగాయల లెక్క చెప్పినట్టే చెప్పింది.
కోప్పడాలె నేను. నోరు రాలే.
ఎందుకో ఆ రాయిని త్రాసుల పెట్టిన.

అరకిలో.

పద్నాలుగు దినాల కూలి, మేస్త్రి మతిమరుపు,
పెద్దోని బువ్వ, ఆమె రాత్రిపూట సూది,
అన్నీ కలిపి అరకిలో.
ఇన్నేండ్లల్ల నేను తూచిన వాటిల
దానికొక్కదానికే రిజిస్టర్ల గడి లేదు.

నిజం అంకె కొట్టిన. ఎరుపు మళ్ల వెలిగింది.
జహీరాబీ చేతులు కడుక్కొని
"బడే కో మేరే పాస్ ఛోడ్ దేవ్ అమ్మా" అన్నది,
గిన్నె పక్కింట్ల పెట్టిపొమ్మన్నంత తేలికగ.
మేస్త్రికి నేనే ఫోన్ చేసిన.
రెండుసార్లు కట్ చేసిండు.
మూడోసారి "సూద్దాం తియ్" అన్నడు.
ఆ "సూద్దాం" మీదనే ఆటో ఎక్కినరు తల్లీబిడ్డ.

ఇప్పుడు ఎండకాలం సగమైంది.
ఎనిమిది కిలోల మూడువందలు. ఇంకా పసుపే.
రాయి కిటికీల ఉంటది,
ఫ్యాన్ గాలికి కాగితాలు లేవకుండ.

ఇయ్యాల మోక్షిత కుర్చీ పట్టుకొని లేచి,
రెండు చేతులతోని దాన్ని గుంజి,
బాలామృతం డబ్బా మీదికి విసిరింది.
డబ్బా సొట్టపోయింది. నిద్రపోతున్న పిల్లలంత లేచిన్రు.
"వస్తువును పట్టుకొని విసురుతుంది: అవును, కాదు."
వణుకుతున్న వేలుతోని అవును నొక్కిన.

కుర్మమ్మ వంగి రాయి తీసింది.
అరచేతుల పైకి కిందికి ఆడించింది.
"గిది అరకిలోనేనా మేడం?
ఆ దినం ఇంటికాడికెల్లి మోసుకొస్తుంటె
శాన బరువుండె."