పదకొండు కిలోల రెండొందలు

పలాసలో మా జీడిపప్పు షెడ్డులో నాకో పేరుంది:
"దీని కంటికి కాటా అక్కర్లేదు."
గుండేదో బద్దేదో ముక్కేదో
మాటల్లో ఉండగానే నా వేళ్లు ఏరేస్తాయి.
చేటలో చెయ్యి పెడితే
పావుకిలోకి పది గ్రాములు తేడా రాదు.
సాయంత్రం గుమస్తా గున్నయ్య అందరి డబ్బాలూ తూస్తాడు,
నాది మాత్రం నవ్వి
పక్కన పెడతాడు.

ఆ రాత్రి మోక్షిత ఒళ్లు పెనంలా ఉంది.
కరెంటు లేదు.
గూట్లో తడిమితే సీసా తగిలింది.
మూత తీస్తే అదే స్ట్రాబెర్రీ వాసన.
వంటింటి చెంచాతో ఒక చెంచా,
అంచుదాకా.
నా అంచనా ఎప్పుడు తప్పింది గనక?

రెండో ఝాము దాటినా వేడి దిగలేదు.
మళ్లీ చెంచా అందుకుంటే
మా అత్త దాలమ్మ మంచం మీద లేచి కూచుంది.
"ఉండుండు, ఇందాకే నాను పోసినాను గదే.
నువ్వు నిద్దరోతన్నావని లేపనేదు."

సీసా పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

వీధి చివర ఆశా సుభాషిణక్క తలుపు కొట్టాను.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
టార్చి వేసి ఒకటే అడిగింది:
"పిల్ల ఎన్ని కిలోలే?"

పిల్ల ఎన్ని కిలోలు.
మెళ్లో పుస్తెలు ఎంత తూగుతాయో తెలుసు,
పోయినేడు అమ్మిన మేకపోతు ఎంత తూగిందో తెలుసు.
నా బిడ్డ
చంకనెక్కితే బరువు, దిగితే వెలితి.
అంతకు మించి ఎప్పుడూ లెక్క కట్టలేదు.

గూట్లోంచి వెలుతుర్లోకి వచ్చినవి రెండు సీసాలు.
ఒకటి చిన్నదానిది.
ఇంకోటి బడికెళ్లే పెద్దోడికి తెచ్చి, మిగిలి, దాచింది.
రంగొకటే, వాసనొకటే, పేరూ ఒకటే.
పేరు కింద చీమతలంత అంకెలు:
దీని మీద నూట పాతిక,
దాని మీద రెండొందల యాభై.
"అదే చెంచా. దీంతో ఒకటైతే దాంతో రెండు" అంది అక్క.
అత్త ఏది పోసిందో
నేను ఏది పోశానో
ఆ చీకటినే అడగాలి.

"ఆడుకుంటంది గదా" అంది అత్త.
"ఆడుకున్నా సరే పదండి. లివరు వెంటనే ఏడవదు పిన్నీ,
రెండ్రోజులాగి ఏడుస్తుంది."

ఆస్పత్రిలో పట్టీలు విప్పి కాటా మీద కూచోబెట్టారు.
ముల్లు వణికి వణికి నిలబడింది:
పదకొండు కిలోల రెండొందలు.
డాక్టరమ్మ కాగితం మీద గుణించింది,
పెదాలు కదుపుతూ, అచ్చం గున్నయ్య కూలి లెక్క కట్టినట్టే.
నేను ఊపిరి తీయలేదు.
"ఈసారికి పరవాలేదు" అంది.
ఆ "ఈసారికి" ఇంకా చెవిలోనే ఉంది.

సూది లేని సిరంజి ఒకటి చేతిలో పెట్టింది.
చిన్న సీసాలోంచి, అయిదో గీతదాకా.
మళ్లీ పోయాలంటే ఆరు గంటలు ఆగాలి.
రోజుకి నాలుగు దాటకూడదు.
పిల్ల ఎదిగితే మళ్లీ తూచాలి,
అప్పుడు గీతా మారుతుంది.

అత్తకి అంకెలు రావు. తన లెక్క తను కట్టింది:
పిల్లలకందని అటక మీద రెండు కొబ్బరిచిప్పలు,
ఒకదాంట్లో నాలుగు చింతపిక్కలు.
మందు ఎవరు పోస్తే వాళ్లు
ఒక పిక్క పక్కచిప్పలోకి మార్చాలి.
చిప్ప ఖాళీ అయ్యాక జ్వరముంటే
ఆస్పత్రికే నడక.
గంటలు ఎలా తెలుస్తాయంటే పట్టాల వైపు చూపిస్తుంది:
"రాతిరి పాసింజరు ఎల్లినాక పోసినాం.
తెల్లారి బండి కూసిందాకా ముట్టుకోకు."

మోక్షిత మాత్రం తీపి మరిగింది.
జ్వరం తగ్గిన మూడో రోజు కూడా
సిరంజి చూసి నోరు తెరిచింది,
పిట్టపిల్లలా.
నవ్వాను. సీసా ఇంకా పైకి జరిపాను.

ఇవాళ సాయంత్రం షెడ్డులో
గున్నయ్య నా డబ్బా నవ్వి పక్కన పెట్టబోయాడు.
తూచమన్నాను.
"నీదా?" అన్నాడు.
"నాదే."
పద్నాలుగు గ్రాములు తేడా.
ఎక్కువో తక్కువో
చెప్పను.