నాలుగంకెల చుక్క

శనివారం, పొద్దున ఆరుంబావు, రస్ అల్ ఖైమా.
రెక్కల మీద ఇంకా మంచు తడి.
ట్యాంకు అడుగున ఇంధనం కాస్త సీసాలోకి పట్టి
వెలుతురుకు ఎత్తి చూస్తాను, నీళ్ళు కలిశాయేమోనని.
వారమంతా సిమెంటు ల్యాబులో
ఇలాగే సీసాలెత్తే చేతులివి.
ఈ ఒక్క గంటకే వాటికి జీతం లేదు,
పైగా ఎదురు ఖర్చు.

ఎగిరినందుకు ఇంత, దిగినందుకు ఇంత,
దారి చూపినందుకు ఇంత.
కిందటి నెల బిల్లు చూసి గొణుక్కున్నాను,
గాలిక్కూడా గుత్తేదారు దొరికాడని.
వెయ్యి అడుగులు దాటకు,
ఆ గీతకు అటు పోకు.
నెత్తిన పెద్ద విమానాలు
పెళ్ళి ఊరేగింపులా దుబాయ్‌కి దిగుతుంటాయి.
నేను పక్క సందులోంచి
సైకిలు తోసుకుపోయేవాణ్ణి.

ఇవాళ పక్క సీట్లో గంగారాం.
పదమూడేళ్ళుగా పరంజాలు కట్టినవాడు,
ముప్ఫయ్యో అంతస్తు గొట్టం మీద కూచుని
టిఫిన్ డబ్బా విప్పినవాడు.
చక్రాలు నేల విడవగానే నా మోకాలు పట్టుకున్నాడు.
"కాలు పెట్టనీకి ఏం లేదు గదన్నా ఈడ."

మడ అడవి, ఉప్పు పాయలు,
లోతు లేని నీళ్ళలో రాజహంసల గులాబీ మరక.
తన క్యాంపును వెతికి వెతికి
నీళ్ళ ట్యాంకుల్ని బట్టి పోల్చుకున్నాడు.

అంతలో దుమ్ము లేచింది.
పలక తుడిచినట్టు దిగంతం పోయింది.
రేడియోలో ఆమె.
పేరు తెలీదు. రెండేళ్ళుగా వింటున్నాను,
జలుబు చేస్తే గుర్తుపడతాను.
మూడు మూడు ఒకటి ఆరు, ఎడమకు తిరుగు,
కుడివైపు కొండలున్నాయి.
ఇసుక రంగు గోడలో
ఆ మాట పట్టుకుని తిరిగాను.

"ఎవలన్నా ఆమె? మనల్ని చూస్తాందా?"
లేదు. ఆమె తెర మీద మనం ఒక చుక్క,
పక్కన నాలుగంకెలు.

గంగారాం చాలాసేపు మాట్లాడలేదు.
"కంపెనీల నాదీ నంబరే. ఇరవయ్యారు నలభై.
పదమూడేండ్లల ఒక్కసారన్న
ఆ నంబరు పిలిచి,
అటు పోకురా, పడ్తవని
ఎవ్వలు చెప్పలే."

ఇంజన్ హోరులో జవాబు దొరకలేదు.
రన్‌వే దొరికింది,
ఆమె చెప్పిన చోటే, మసగ్గా, తడబడే తెల్లగీతలతో.

కౌంటర్ దగ్గర బిల్లు చదవమన్నాడు, ఒక్కో వరుసా.
దారి చూపినందుకు ఎంత?
చెప్పాను.
వేళ్ళ కణుపుల మీద రోజుకూలీ లెక్కేసుకుని
బూట్లలోంచి ఇసుక దులుపుతూ అన్నాడు,
"అగ్గువనే అన్నా."