రెండున్నర అంగుళాలు

నా మెడలో టేపుంది, తాళి లేదు.
చాకలిపేటంతా ఎరిగిన సంగతే, సాగదీయను.

చీటీ పాడాను, తొంభై వేలు చేతికొచ్చాయి.
ఇంకో మోటారు మిషను వేయమంది తులసక్క.
ఓడెక్కుతానన్నాను.
కత్తెర కింద పెట్టి నా వైపు చూసింది,
నా చక్రాల వైపు చూసింది,
ఏమీ అనకుండా కాజాలు కుట్టుకుంది.

మౌంట్ రోడ్డులో ఏజెంటు కుర్రాడు ఇళంగో
రంగుల పుస్తకం విప్పాడు:
ఈతకొలను, రాత్రి డాన్సు, పదకొండు రకాల దోసెలు.
బాత్రూమ్ తలుపు ఎన్నంగుళాలు? అన్నాను.
"పెద్దదే మేడమ్."
పెద్దది అనేది కొలత కాదు బాబూ.
నా దగ్గరికొచ్చి ఎవరైనా "నడుము పెద్దదే" అంటే
గుడ్డ మీద కత్తెర పెడతానా?
నా కుర్చీ రిమ్ము నుంచి రిమ్ముకి ఇరవై ఐదుంపావు.
పిడికిళ్లకి ఇంకో రెండు,
లేదంటే వేళ్ల తోలు తలుపుకే.

మొదటి ఓడ తలుపు ఇరవై మూడు.
రెండోదానికి వెడల్పుంది, గడప కూడా ఉంది,
ఆరంగుళాలు, నీళ్లు పొర్లకుండానట.
గడప!
శుక్రవారాలు అమ్మ దానికి పసుపు రాసి
వరసగా కుంకుమ బొట్లు పెట్టేది.
తొక్కకూడదనేది. నేను తొక్కిందెన్నడు?
గడప దాటావంటే కాళ్లు విరగ్గొడతానని
నాన్న అక్కని బెదిరించేవాడు.
నన్నెప్పుడూ బెదిరించలేదు.
నాకది చిన్నతనంగా ఉండేది.

మూడోది ఒడ్డుకు రాదు. నడిసముద్రంలో నిలబడి
చిన్న పడవల్లోకి జనాన్ని దింపుతుంది.
"మరి నేను?"
"ఎవరైనా ఎత్తుకుంటారు మేడమ్."

ఎత్తుకుంటారు.
ఓటేసే స్కూలు మెట్ల మీద ఎత్తుకున్నారు,
కల్యాణ మంటపంలో, రిజిస్ట్రారాఫీసులో,
చంకల్లో చేతులు దూర్చి, ఊపిరి బిగబట్టి,
ఒకడి జేబులో దువ్వెన నా పక్కటెముకలో దిగుతుంటే.
మంచివాళ్లే.
దించాక రెండు చేతులూ దులుపుకుంటారు,
అలవాటు, బస్తా దించినా అంతే.
నాకు మాత్రం ఆ చప్పుడు
ఇంటికొచ్చాక కూడా వినిపిస్తుంది.

మెరీనాలో మాకోసం చెక్కదారి వేశారు. సంతోషం.
అది ఆగిన చోటు నుంచి అల ఇంకా దూరం.
ఆ కొసన కూర్చుని మిగిలిన ఇసకని
ఎన్నిసార్లు గజాల్లో లెక్కేశానో.

నాలుగో ఓడ ఆ రోజు రేవులోనే ఉంది.
ఫోన్ కలిపాడు.
గదులు చూసుకునే ఫిలోమినా, గోవా మనిషి.
సౌకార్‌పేట సేఠాణీల జాకెట్లు కుట్టి నేర్చిన
కుంటి హిందీలో అడిగాను.
"తెలీదు. ఉండండి, కొలిచి చెప్తా" అంది.

ఇంతవరకూ నాతో ఎవరూ అలా అనలేదు.

ఫోన్లో అడుగులు, లిఫ్టు గంట, ఎవరిదో నవ్వు,
తర్వాత ఇనప టేపు వెనక్కి దూకిన చప్పుడు.
నాది గుడ్డ టేపు, మాట్లాడదు.
"ముప్పై రెండుంపావు. ఇక్కడ గడప లేదు.
స్నానం బల్లకి ఒక మర వదులు, బిగిస్తాం.
లిఫ్టాగితే మెట్ల మీద దించే కుర్చీ ఉంది,
నలుగురం నేర్చుకున్నాం.
బాల్కనీకి మాత్రం గడపుంది, రెండున్నర.
ముందే చెప్తున్నా."

ఆ పావు అంగుళానికి డబ్బు కట్టాను.
బాల్కనీ గదికే కట్టాను.
"గడపుందంటున్నారు కదా మేడమ్,
పైగా రేటెక్కువ" అని ఇళంగో తల గోక్కున్నాడు.

వస్తూ మా వీధి మొదట్లో ఆటో ఆపించి
వడ్రంగి గజపతిని కేకేశాను.
ఏటవాలు పలక కావాలి,
ఒక కొస నేలకి, ఒక కొస రెండున్నర,
పొడవు ముప్పై, మధ్యలో మడత బందు,
సూట్‌కేసులో పట్టాలి.
దేనికన్నాడు.
చెప్పాను.
"ఉప్పుగాలికి టేకైతేనే ఆగుతుంది" అని
చెవి మీంచి పెన్సిలు తీశాడు.