కరెంటు పోతే మోగే గంట

పెట్టెలు రెండేళ్లు తెరవలేదు.
స్టాకు రిజిస్టర్లో నలభై మూడు వస్తువులు,
ఎదురుగా నా సంతకం.
ఒక్క తీగ తెగినా జీతంలో కోత అని
హెడ్మాస్టరు నవ్వుతూనే అన్నాడు,
ఆ నవ్వులో కత్తెర కనపడింది.
అందుకని ఊటుకూరు హైస్కూల్లో
కొత్త చదువు
బీరువా లోపల, బీగం వెనక,
ఎలుకలకు మాత్రమే అందుబాటులో ఉండేది.

నేను ఫిజిక్స్ చెబుతాను.
ఓమ్ నియమం ఇరవై రెండేళ్లుగా
బోర్డు మీద అదే మూలన రాస్తున్నాను.
అది ఇంతవరకూ ఒక్క దీపాన్నీ వెలిగించలేదు.

మొదటి పీరియడ్లో పెంచల ప్రసన్న
రోజూ నిద్రపోయేది.
ఒకరోజు డస్టర్ ఎత్తాను.
తలెత్తకుండానే అంది:
"మూడుగంటలప్పుడు కరెంటు పోయింది సార్,
రొయ్యలు తేల్తాయని నాయిన నన్ను లేపినాడు."

డస్టర్ దించాను.

వెంగయ్యది నాలుగు గుంటల కాపలా.
గుంటలు ఆయనవి కావు.
నీళ్లను చిలికే చక్రాలు ఆగితే
వెంటనే జనరేటర్ తిప్పాలి,
లేకుంటే తెల్లారేసరికి
మూడు నెలల మేత ఒడ్డున తెల్లబడుతుంది.
ఆయన పడుకున్నా చెవి పడుకోదు,
మోత ఆగితే ఆ నిశ్శబ్దానికి
ఉలిక్కిపడి లేచేవాడు.
ఈమధ్య ఆ చెవి మందగించింది,
బిడ్డ చెవి అరువు తెచ్చుకున్నాడు.

ఆ మధ్యాహ్నం బీగం తీశాను.
ముందు ఎలుకపిల్లలు,
తర్వాత బోర్డులు, తీగలు,
మిణుగురులంత దీపాలు, ఒక బజర్.
"నీళ్లలో ఆక్సిజన్ కొలిచేది ఉందా సార్?"
లేదు. ఫోన్లో వెతికాం.
ధర చూసి ఇద్దరం ఫోన్ పక్కన పెట్టాం.
"పోన్లే సార్, కరెంటు పోయిందని చెబితే చాలు."

పెద్ద ప్రశ్నను
తన చేతికందే కొలతకు కత్తిరించుకున్న పిల్లను
నా తరగతిలో అప్పుడే చూశాను.

నాలుగు రోజులు పట్టింది.
టేపు చుట్టడానికి ఏడో తరగతి కాలేషా.
మొదటిసారి తలకిందులైంది:
కరెంటున్నంతసేపూ మోగింది,
పోగానే నోరు మూసుకుంది.
"గవర్నమెంటు గంట సార్" అన్నాడు కాలేషా.
నవ్వాం. విప్పాం.
రిలేలో తీగ ఆ పిల్లే మార్చింది,
నేను టార్చి పట్టుకున్నాను.

మెయిన్ స్విచ్ దించాను.
స్కూలంతా ఫ్యాన్లు నెమ్మదించి ఆగాయి.
ఆ ఉక్కపోతలోంచి
కీచుమని మోగింది.
ఏం పగిలిందోనని
హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చాడు.

తర్వాత వారం రోజులు ప్రసన్న నిద్రపోలేదు.
మేలుకున్న పిల్ల ఎంత ప్రమాదమో
అప్పుడు తెలిసింది.
"తీగ వేడెక్కినా ఇదే లెక్కా సార్?" అంటుంది
ఓమ్‌ను మధ్యలో ఆపి.
రాత్రిళ్లు నేను చదువుకోవాల్సి వస్తోంది.

ఎనిమిదో రోజు మళ్లీ తల బల్ల మీద.
ఈసారి కళ్లు తెరిచే ఉన్నాయి.
నెల్లూరు నుంచి గుంటల ఓనరొచ్చి
బజర్‌ను మెచ్చుకున్నాడట,
ఇంకో మూడు చేసిమ్మన్నాడట,
బండెక్కుతూ వెంగయ్యతో అన్నాడట:
"గంటుందిగా, ఇంక రాత్రిపూట మనిషెందుకు?"

పెట్టెలతో పాటు ఇచ్చిన పుస్తకంలో
దీనికి జవాబు లేదు.
చివరి పేజీ దాకా తిప్పాను.
కిటికీలోంచి ఉప్పుగాలి
నా బదులు మిగతా పేజీలు తిప్పింది.

ప్రసన్న మెల్లగా లేచి
బోర్డును అరచేతిలో బోర్లించి చూసింది.
"మోగేదొక్కటే పెట్టినాం సార్.
జనరేటర్ దానంతటదే తిరిగేది కూడా పెట్టొచ్చు,
ఎట్టనో నాకు తెలుసు.
పెట్టలేదు."

సాయంత్రం స్టాకు రిజిస్టర్ తెరిచాను.
బజర్, ఒకటి.
ఎదురుగా మూడే గడులు:
పగిలింది, పోయింది, పాడైంది.
స్కేలు పెట్టి నాలుగోది గీశాను.
దానికింకా పేరు పెట్టలేదు.