మళ్ళా ఒకటి నుంచి

ముత్తుకూరులో సాయంత్రం నాలుగూ నలభైకి కరెంటు పోయింది.
ఆటోక్లేవు ముల్లు పదిహేను పౌండ్ల మీదనించి
ఇష్టం లేనట్టు కిందికి దిగింది.
పన్నెండు నిమిషాలయ్యాయి. ఇంకా మూడే.
మూడు నిమిషాలకేముందిలే అన్నాను.
నెల్లూరు బస్సు ఐదుంబావుకి.

పెంచలమ్మ స్టూలు మీదనించి లేవలేదు.
"ఏందబ్బయా, ముప్పావు ఉడికిన అన్నం నువ్వు తింటావా?
కరెంటు రానీ. మళ్ళా ఒకటి నుంచి."

లోపల బుట్టలో మా వారం రోజుల పని:
రొయ్య కడుపులోంచి తీసి పెంచిన విబ్రియో,
ప్లేట్ల మీద పెసరగింజంత పచ్చటి చుక్కలు.
ఒక్కో చుక్కలో నెల్లూరు జనాభాకి ఎన్ని రెట్లో
మా సార్ పరీక్షలో లెక్క కట్టించాడు.
మార్కులొచ్చాయి. భయం రాలేదు.

ఆమెకి ఇంగ్లీషు రాదు.
తలుపు మీది నారింజరంగు బొమ్మని
మూడు పీతలు అంటుంది.
"డెక్కలు పెనేసుకోని కూచున్నాయి చూడు.
మధ్యలో వేలు పెడితే
ఏ పీత కరిచిందో ఎవడు చెప్తాడు?"

ఆమె మొగుడు కండలేరు పక్కన
రెండెకరాల గుంట కౌలుకి చేశాడట.
ఒక తెల్లారుజామున రొయ్యలన్నీ గట్టు వారకి చేరాయి,
పెంకుల మీద సున్నం చిలకరించినట్టు చుక్కలు.
పైవాడు రాత్రికి రాత్రి తూము ఎత్తాడని కొందరు,
కాకులు మోసుకొచ్చాయని కొందరు.
ఆ సంగతి ఆమె ఎక్కువ మాట్లాడదు.
మా సింకు గొట్టం ఎటు పోతుందో మాత్రం ఆమెకి తెలుసు:
కాంపౌండు గోడ కింద, తుమ్మచెట్ల వెనక, కాలవలోకి.
నేను రెండేళ్ళు చదివాను అక్కడ. నాకు తెలీదు.

ఐదుంబావు దాటింది.
బస్సు పోయిందన్న కోపంలో బల్ల సర్దబోయి
ఫ్లాస్కు జారవిడిచాను.
శబ్దం చిన్నదే.
"కదలబాక" అంది.
గుడ్డలు పరిచింది. బ్లీచింగు నీళ్ళు
అంచుల నించి లోపలికి, తొందర లేకుండా.
అరగంట.
ముక్కు మండుతూ గోడకి ఆనుకుని నిలబడ్డాను.
గాజుపెంకులు చీపురుతో కాదు,
పట్టుకారుతో, ఒక్కొక్కటే.
తడిసిన నా చెప్పులూ ఆ సంచిలోకే వెళ్ళాయి.
కొత్తవి. ట్రంకురోడ్డులో కొన్నవి.

అప్పుడు రిజిస్టరు తెచ్చింది. "రాయి."
ఎవరూ చూళ్ళేదుగా పెంచలమ్మా, అన్నాను.
ఆమె మొదటి పేజీకి తిప్పింది.
తేదీ మాసిపోయింది. ఎవరిదో పాత చేతిరాత:
మూత బిగించని డబ్బా మోస్తుండగా, మెట్ల మీద.
కింద సంతకం ఉండాల్సిన చోట
నీలం సిరాలో వేలిముద్ర.
అది ఎవరిదో నేను అడగలేదు.
ఆమె బొటనవేలు ఆ గీతల మీదే ఆగి ఉంది.
"యాడ ఒలికిందో
రేపు ఊడ్చేదానికి తెలియాల గదా."

రాశాను. మస్తాన్‌వలి, ఎమ్మెస్సీ రెండో సంవత్సరం.
సొంత పేరుకి అంతసేపు ఎప్పుడూ పట్టలేదు.

ఆరూ ఇరవైకి కరెంటొచ్చింది.
ముల్లు మళ్ళీ మెల్లగా ఎక్కింది.
పదిహేను పౌండ్లు తాకాక ఆమె గోడ గడియారం వైపు చూసి
ఒకటి అంది, పైకే.
తర్వాత పెదాలు మాత్రమే కదిలాయి.
మూత చల్లారి తీసినప్పుడు
టేపు మీద నల్లచారలు తేలి ఉన్నాయి,
ఉడత వీపులా.
"ఇప్పుడు చచ్చినాయి" అంది,
అంతకుముందు నేను అదే మాట అన్నట్టు,
తేడా నేనే వినాలన్నట్టు.

రోడ్డు మీదికి వట్టికాళ్ళతో ఆమె వెంట నడిచాను.
రెండు పక్కలా గుంటల్లో ఏరేటర్లు
చీకట్లో నీళ్ళని కొడుతున్నాయి.
కొంగుముడి విప్పి వేయించిన శనక్కాయలు తీసింది.
చెయ్యి చాపాను.
"కడిగావా?"
కడిగాను.
"ఆ తలుపు ముట్టుకోకముందా, ముట్టుకున్నాకా?"

బోరింగు కనిపించేదాకా
ఆ కాయలు ఆమె గుప్పిట్లోనే ఉన్నాయి.