శబ్దం కింద యాభై

కరెంటు బిల్లు కాగితం వెనక
తిరుపాలమ్మ తన చేత్తో రాసింది.
ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్జు, అన్నీ కలిపి ఇంత.
దానికింద వేరే గీత గీసి
"శబ్దం – యాభై".

శబ్దానికి కరెంటేందత్తా అన్నా.
"కుళాయి ఎక్కువ తిప్పితే నీళ్ళెక్కువ పోవా?
మీ ఆయన టీవీ అరవయ్యో నంబర్లో అరుస్తది.
అరిచేదానికి కూడెక్కువ గావాల గదా."

మాట బాగుంది.
కాదనడానికి నా దగ్గర పదో తరగతి సైన్సు తప్ప ఏం లేదు,
అదీ సగం ఎలకలు కొట్టింది.

చీమకుర్తిలో మేముండేది పాలిషింగు షెడ్ల వెనక వీధి.
తెల్ల చొక్కా ఆరేస్తే బూడిదరంగు చొక్కా తీసుకోవాల.
మా మాలకొండయ్య పదహారేళ్ళుగా కటింగు మిషను పక్కనే.
మొదట్లో ఆ బ్లేడు గోల ఇంటిదాకా వెంటొచ్చేది,
అన్నం తింటా తల విదిలించేవాడు
చెవిలో నీళ్ళు పోయినోడిలాగా.
తర్వాత అదీ రావటం మానేసింది.
దానెంబడే నా పిలుపు, కుక్కరు కూత, పాలబండి హారను.

ఆదివారం రాత్రి, రోహిణి కార్తె.
ఫ్రిజ్జాపా. ఫ్యానాపా. లైటాపా.
మెట్ల కింద మీటరు ముందు కూచున్నా.
దాని మొహాన చీమ తలకాయంత అక్షరాలు:
మూడువేల రెండొందల మినుకులైతే ఒక యూనిట్టు.

"పన్నెండు పెట్టమ్మా" అని మా లిఖితకి కేకేశా.
ఎర్రలైటు మినికినప్పుడల్లా గోడమీద ఒక గీత.
పది నిమిషాలు. ఇరవయ్యేడు.
"ఇప్పుడు అరవై."
మెట్లదిరినయ్.
యాడ్లో సబ్బు నురగ కూడా మోగింది.
పది నిమిషాలు. ఇరవయ్యెనిమిది.

ఒక్కటంటే ఒక్కటి.
గంటకారు, రోజుకు నాలుగ్గంటలు, నెలకు ఏడొందల ఇరవై.
పావు యూనిట్టు గూడా నిండలా.
రూపాయో రూపాయిన్నరో.
తిరుపాలమ్మ నాకే నలభయ్యెనిమిదిన్నర బాకీ.

సంబరం పట్టలేక, పనిలో పని,
"సున్నా పెట్టు, అదీ చూద్దాం" అన్నా.
మినుకులు లెక్కేస్తా కిటికీలోంచి తొంగి చూశా.
టీవీ చీకట్లో ఊరికే నోళ్ళాడిస్తా ఉంది.
ఆయన మంచం మీద లేడు.
టీవీ కింద నా పెళ్ళినాటి ఇనప పెట్టె,
దాని పక్కన గొంతుక్కూచుని
రేకు మీద అరచెయ్యి బోర్లించి ఉన్నాడు.

షెడ్డులో పలక నునుపు తేలిందా లేదా
ఇట్టాగే చూస్తాడు, కళ్ళు మూసుకుని,
వెంట్రుకంత పగులున్నా వేలికి చెప్తది.
అరవైలో ఉంటే ఆ పెట్టె రేకు వణుకుతది.
ఇప్పుడు వణకట్లా.
చెయ్యి తీశాడు, అరచేతిని చూసుకున్నాడు,
లుంగీకి తుడిచి మళ్ళీ పెట్టాడు.

లెక్క తప్పింది నాకు.
తొమ్మిదో, పదకొండో.

ఇంతలో గోడ అవతల్నించి గరిటెతో కొట్టిన చప్పుడు.
"ఏందే, ఆపేశావా?
ఆ కోడలు పెట్టె సర్దుకుందా లేదా,
సరిగ్గా అక్కడికొచ్చి చావగొట్టావు గదే!"

ఆమె మీటరు మా మీటరు పక్కనే ఉంటది.
ఇన్నాళ్ళూ దాని మొహం చూళ్ళా.
ఎప్పుడో గానీ మినకట్లా,
నిద్రలో కన్ను తెరిచినట్టు ఒకసారి, అంతే.
ఆమె కిటికీలో టీవీ వెలుగు లేదు.

"అరవై పెట్టమ్మా" అన్నా.
ఆయన చేతికింద పెట్టె మళ్ళీ మేలుకుంది.
గరిటె ఊరుకుంది.
పలకల మీద కొలతలు గీసే చాక్‌పీసు
నా వేళ్ళమధ్య పొడి రాలతా ఉంది.
ఇంట్లో ఒక్కరికీ చెమట గుర్తు లేదు,
ఫ్యాను వెయ్యాలని చానాసేపు
నాకూ తట్టలా.