మూడో నంబరు

హార్బర్లో మూడో నంబరు ఎగరేశారని
పాలపాకెట్ల కుర్రాడు చెప్పి మెట్లు దిగాడు.
మార్కెట్ తెరవడానికి ఇంకా రెండు గంటలుంది.

ముందు ఇన్వర్టర్ దగ్గర కూర్చుంటాను.
మొన్న అప్పలకొండ వచ్చి
టెర్మినళ్ల మీద పచ్చటి బూజు గీకుతూ
"ఉప్పుగాలికి ఇనుమంటే జంతికముక్కమ్మా,
ఈ ఊర్లో ఏటీ మిగల్నీదు" అన్నాడు.
వేడినీళ్లు పోసి, వేజలీన్ రాసి
"నీళ్లెట్టడం మర్సిపోకండి.
మనిసి నయం, దాహవేస్తే అడుగుతాడు."
ఇవాళ ఆరు గదుల్లోనూ నీళ్లున్నాయి.

నెట్లు రెండు.
రెండూ ఒకే స్తంభం మీంచి వస్తున్నాయని
తెలుసుకోడానికి నాకో నష్టం పట్టింది.
ఆ అంకె మా ఆయనకి ఇప్పటికీ చెప్పలేదు,
స్టీల్‌ప్లాంట్ నైట్‌షిఫ్ట్ దిగొచ్చిన మనిషికి
ఏ అంకె చెప్పినా నిద్ర చెడుతుంది.
ఇప్పుడు రెండోది వెనకసందులోంచి వస్తుంది,
బాదంచెట్టు కొమ్మల కిందుగా, వంగి వంగి.

క్యాలెండర్ వెనక పెన్సిల్‌తో రాసుకున్నాను:
క్లయింట్ కోడు, డీలింగ్‌రూమ్ నంబరు,
ఏ ధర దాటితే నేను ఏడవకుండా బయటపడాలో అది.
ఫోన్ చచ్చిపోతే
ఫోన్లో దాచుకున్న నంబరూ దాంతోపాటే పోతుంది.

హాల్లో మూల మీద లాండ్‌లైన్.
"దండగ" అంటాడు మా పెద్దాడు ప్రతి బిల్లుకీ.
అమ్మ ఒప్పుకోదు.
డాబాగార్డెన్స్ ఎక్స్ఛేంజీలో ఇరవై తొమ్మిదేళ్లు
ఊరి గొంతులన్నీ చెవిలో వేసుకున్న మనిషి.
"ఆ తీగలో కరెంటు మనది కాదే, ఎక్స్ఛేంజీది.
మనింట్లో దీపం ఆరినా దానికి తెలీదు."
కాసేపాగి, నిజాయితీగా,
"హుద్‌హుద్‌కి మాత్రం అదీ మూగబోయిందిలే."

పదకొండూ నలభైకి
ఊర్వశి జంక్షన్ వైపు ట్రాన్స్‌ఫార్మర్ పేలింది.
ఇన్వర్టర్ కిర్రుమంది. స్క్రీన్ రెప్ప కూడా వేయలేదు.
గర్వపడ్డాను, ఒక నిమిషం, అంతకంటే తక్కువే.
మొదటి నెట్‌కి ఎర్రలైటు.
బయట బాదంకొమ్మ ఫెళ్లుమన్నాక
రెండోదానికీ ఎర్రలైటు.
సెల్‌ఫోన్లో సున్నా చుట్టూ సున్నా తిరుగుతోంది.

ధర ఆగిపోయింది.
ఆగింది ధర కాదు, నా కన్ను.
అక్కడెక్కడో అది పరిగెడుతూనే ఉంది,
నేను అమ్మిపెట్టిన రెండు లాట్లని
మెడపట్టి ఈడ్చుకుపోతూ.

వెనక టక్ టక్‌మని బటన్లు.
అమ్మ నంబరు కలిపేసింది, క్యాలెండర్ చూడకుండానే.
ఎప్పుడు కంఠతా పట్టిందో!
రిసీవర్ నా చేతికివ్వలేదు ముందు.
చెవి దగ్గర పెట్టుకుని లైను విని
"ఉంది. శుభ్రంగా ఉంది" అంది,
నాడి చూసిన డాక్టరులా.

మీ కాల్ మాకెంతో ముఖ్యమని
ఏదో సన్నాయి ఏడు నిమిషాలు వాయించింది.
చేతికి చెమట. పెట్టేసి మళ్లీ చేద్దామా?
"పెట్టకు. పెట్టినవాళ్లు మళ్లీ వరస చివరికెళ్తారు,
నేనే పంపేదాన్ని."

ఎత్తినవాడు నిద్రగొంతు కుర్రాడు.
వాళ్లవైపు ఎండట.
కోడు చెప్పాను. రెండు లాట్లు. తిరిగి కొనేయండి.
వాడు రెండుసార్లు అప్పజెప్పాడు.
నాలుగువేల రెండొందలు పోయింది.
లేకపోతే ఎంత పోయేదో
లెక్కేయబోతే అమ్మ క్యాలెండర్ తిప్పేసింది.

మూడున్నర దాటాక స్క్రీన్ ఆపేశాను.
వాటాలవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు,
చార్జర్లు వేలాడేసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని.
కిందింటి పైడిరాజు చార్జర్ తేలేదు,
పిల్లాడి నెబ్యులైజర్ తెచ్చాడు.
నా కీబోర్డు పక్కకి జరిపి
ఆ చిన్న మొహానికి మాస్కు పెట్టాడు.

గుర్రు గుర్రుమని పొగ.
బేటరీ మూడు గీతల నుంచి రెండుకొచ్చింది,
రెండు నుంచి ఒకటికి.
రేపు తొమ్మిదింపావు అని ఎవరూ అనలేదు.
నేను తప్ప, అదీ లోపల.
పిల్లాడి ఛాతీ పైకీ కిందకీ పోతోంది.
ఇవాళ మొదటిసారి
నేను ధర అడగకుండా చూస్తున్న గీత అదే.